ల్యాప్‌టాప్‌కి కొబ్బరికాయ

జగ్గయ్యపేట బజార్లో మా మామయ్య గారి చేతికి పేరుండేది. ఎవరు కొత్త కొట్టు తెరిచినా మొదటి బేరం ఆయన చేతి మీదుగా జరగాల్సిందే. గాజుల కొట్టయినా, ఎరువుల కొట్టయినా, చివరికి మా వీధి చివర సెలూనయినా సరే. సెలూనుకి బోణీ అంటే మొదటి గడ్డం గీయించుకోవడమే కాబట్టి, ఆయన ఆ వారం గడ్డం గీసుకోకుండా ఆగి, ముహూర్తం వేళకి వెళ్ళి కూర్చున్నారట. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తయ్య గారు ఈ సంగతి చెబితే నేను పడీ పడీ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. వాడిప్పుడు ఇంకో కుర్చీ కూడా వేశాడమ్మా అని చెప్పి, పేపరు చదువుకోవడంలో పడ్డారు.

మాది నందిగామ. బస్సెక్కితే గంట కూడా పట్టదు. అయినా పుట్టింటికీ అత్తింటికీ మధ్య చాలా దూరమే ఉండేది. మా నాన్న బడిపంతులు. వ్యాపారం చేతకాక పంతులయ్యాడని మా వాళ్ళలోనే అనుకునేవారు. మా ఇంట్లో బోణీలు, చేతి చలవలు, ఎదురొచ్చిన మనుషుల లెక్కలు ఉండేవి కావు. ఇక్కడేమో ముందు వైపు అపరాల కొట్టు, వెనక ఇల్లు. పొద్దున్నే మొదటి బేరం కుదిరేదాకా వంటింట్లో గిన్నె కూడా గట్టిగా చప్పుడు చేయకూడదు. నాకు ముక్కు మీద కోపం. తొంభైల చివర్లో కొత్త కోడలిగా వచ్చిన నేను, గిన్నెలకీ కందిపప్పు అమ్మకానికీ సంబంధం ఏమిటని ఒకసారి అడిగేశాను. అత్తయ్య గారు తెల్లబోయారు. మామయ్య గారు కాసేపు ఆలోచించి, సంబంధం లేదులేమ్మా, మాకు అలవాటు అన్నారు. ఆ జవాబుతో ఆయన నాకు నచ్చారు. ఆ తర్వాత నేనూ గిన్నెలు మెల్లగా పెట్టడం నేర్చుకున్నాను.

నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువు అటకెక్కింది. దాన్ని కిందికి దింపింది మా ఆయన కాదు, మామయ్య గారే. ఒకరోజు వరండాలో కూర్చుని కందులు ఏరుతుంటే వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"సరుకు గోడౌన్లో పెట్టి తాళం వేసేస్తే పురుగు పడుద్దమ్మా. నువ్వు చదువుకున్నది ఏదో ఉందంటగా, దాన్ని బయటికి తియ్యి."

అలా దూరవిద్యలో ఎంసీఏ కట్టాను. ఆదివారాలు క్లాసులు నందిగామలోనే, మా అమ్మ వాళ్ళింటికి నాలుగు వీధుల అవతల. ఆదివారం కోడలు ఇంట్లో లేకపోతే ఎలాగని అత్తయ్య గారు సణిగితే, ఆదివారం కొట్టుకి సెలవేగా, నేను కూరలు తరుగుతా అన్నారాయన. తరిగారు కూడా. వంకాయ ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో ఉండేవట.

ఆఖరి సెమిస్టరుకి ప్రాజెక్టు చేయాలి. దాని కోసం మా ఆయన విజయవాడ నుంచి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ తెచ్చారు. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయింది. మా బజార్లో సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చాయి కానీ ల్యాప్‌టాప్ ఉన్న ఇల్లు అరుదు. ప్రాజెక్టుకి ఏ విషయం తీసుకోవాలా అని నేను తలబద్దలు కొట్టుకుంటుంటే మామయ్య గారే దారి చూపించారు. గోడౌన్లో ఏ బస్తా ఎప్పుడొచ్చిందో, ఏది ముందు బయటికి పోవాలో, ఏది ఎన్నాళ్ళు నిలవుంటే పాడవుతుందో, అదంతా ఆయన తలకాయలో ఉండేది. నీ పెట్టె చేత చెప్పించగలవా అని అడిగారు. చెప్పించగలను అన్నాను. ఆ వేసవంతా మధ్యాహ్నాలు నేను కీబోర్డు ముందు, ఆయన పడక్కుర్చీలో. మినుముకి వానాకాలం ఏమవుతుందో, పెసలు ఎందుకు తొందరగా పంపేయాలో ఆయన చెబుతుంటే నేను దాన్ని ప్రోగ్రాములోకి ఎక్కించేదాన్ని. రోజూ సాయంత్రం, ఇవాళ ఎంత పని అయ్యిందమ్మా అని అడిగేవారు. తెరమీద బస్తాల పట్టీ కనిపిస్తే కళ్ళద్దాలు సర్దుకుని, సొంత గోడౌను గుమ్మంలో నిలబడినట్టే చూసుకునేవారు.

దసరా సెలవులు అవ్వగానే ప్రాజెక్టు నందిగామ సెంటర్లో ఇవ్వాలి. వినాయక చవితి ముందర ఒక సీడీలో కాపీ తీసుకున్నాను. అసలైన పనంతా చవితి తర్వాతే జరిగింది. మళ్ళీ కాపీ తీయడం రేపటి పనిగా ఉండిపోయింది.

విజయదశమి పొద్దున మా కొట్లో ఆయుధ పూజ. కాటా, తూకం రాళ్ళు, ఇత్తడి మానికలు, గల్లాపెట్టె, బస్తాలోంచి గింజలు లాగి చూసే ఇనుప గొట్టం, ఇవన్నీ తోమి, తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి పీట మీద వరసగా సర్దుతారు. అత్తయ్య గారి కుట్టుమిషను, బయట స్కూటరు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆ ఏడు మామయ్య గారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, అమ్మాయ్, నీ పెట్టె కూడా తీసుకురామ్మా అన్నారు. నాకు ముచ్చటేసింది. తెచ్చి కాటా పక్కన పెట్టాను.

పెట్టి నా దారిన నేను వెళ్తుంటే మళ్ళీ పిలిచారు. మూత తీయమన్నారు. మా ఇంటి పద్ధతిలో గల్లాపెట్టెని మూసి పూజ చేయరు. మూసిన పెట్టెలోకి లక్ష్మి ఎట్లా వస్తుంది? కాబట్టి దీనికీ మూత తెరవాల్సిందే. తెరిచాను. నల్లగా, దీపం పెట్టని గూడులా ఉందమ్మా, వెలిగించు అన్నారు. అదీ నిజమే అనిపించి, వైరు తగిలించి ఆన్ చేశాను. చేతులారా చేసిన పని, ఎవర్ని అని ఏం లాభం. తెరమీద నీలి వెలుగు వచ్చింది. ఆయన దాని మూలకి చిన్న కుంకుమ బొట్టు పెట్టి, వెనక్కి జరిగి తృప్తిగా చూశారు. నాకు గారెల మూకుడు గుర్తొచ్చి లోపలికి పరిగెత్తాను.

కొబ్బరికాయ కొట్టాక ఆ నీళ్ళు కొంచెం చేతిలో పట్టుకుని పూజలో పెట్టిన ప్రతిదాని మీదా చిలకరించడం మా ఇంటి ఆచారం. కాటా మీద నాలుగు చుక్కలు, రాళ్ళ మీద నాలుగు చుక్కలు, తెరిచిన గల్లాలో రెండు చుక్కలు. ఆ రోజు కాయ అడ్డంగా పగలకుండా ఏటవాలుగా చీలింది. లోపల నీళ్ళు నిండుగా ఉన్నాయి. అవి ఒక్కసారిగా ఒలికేసరికి ఆయన చెయ్యి నా ల్యాప్‌టాప్ మీదుగానే ఉంది.

మా ఆయన పిలిచిన పిలుపుకి నేను గరిటెతోనే వచ్చాను. తెర ఆరిపోయి ఉంది. అక్షరాల మధ్య సందుల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. వైరు లాగేశాను. వెనక్కి తిప్పి బ్యాటరీ ఊడదీశాను. అలాగే బోర్లా పట్టుకుని దులిపితే పూజలో పూల మీద టపటపా చుక్కలు పడ్డాయి. అత్తయ్య గారు తడిగుడ్డ తీసుకుని పరిగెత్తుకొచ్చారు, జిగురుగా ఉన్నది ఏదైనా తడిగుడ్డతో తుడిస్తేనే పోతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. మా ఆయన బియ్యంలో పెడదామా అన్నారు. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలుసు కాబట్టి వంటింట్లోకి వెళ్ళాను. మిగతా గారెలు ఎలా వేశానో నాకు గుర్తు లేదు కానీ, గిన్నెల చప్పుడు మాత్రం బజారు దాకా వినపడి ఉంటుంది. ఆ రోజు ఎవరూ నన్ను మెల్లగా పెట్టమని అనలేదు.

కాస్త కోపం దిగాక బయటికి వచ్చి చూస్తే, మామయ్య గారు పీట ముందు అలాగే కూర్చుని ఉన్నారు. కొబ్బరి చిప్పలు రెండూ చేతుల్లోనే ఉన్నాయి. హారతి ఇవ్వలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. మీరు హారతి ఇవ్వండి మామయ్య గారూ, నేను దీని సంగతి చూస్తాను అని చెప్పాను.

కుట్టుమిషను డబ్బాలో ఉన్న చిన్న స్క్రూడ్రైవరుతో వెనక మరలు విప్పి, కీబోర్డు పలకని మెల్లగా పైకి లేపాను. కింద నీళ్ళు చేరాయి. మామూలు నీళ్ళయితే ఆరిపోతాయి, కొబ్బరి నీళ్ళు ఆరినా తీపి జిగురు వదలదు. మా ఆయన మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చారు. దూదితో అద్ది అద్ది తుడిచాను. కీబోర్డు విడిగా, మిగతా పెట్టె విడిగా బోర్లా పెట్టి ఆరబెట్టాలి. అత్తయ్య గారు డాబా మీద ఎండలో పెడదామన్నారు, వడియాలు అక్కడే పెడతారు కదా. అంత ఎండకి ప్లాస్టిక్ ఆగదని నేను చెప్పేలోపే మామయ్య గారు కొత్త గోనెసంచి ఒకటి దులిపి తెచ్చి, ముందు గదిలో నీడన పరిచారు. కొట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి పక్కన పెట్టారు. ఆ పనులన్నీ చేశారు కానీ ల్యాప్‌టాప్‌ని మాత్రం చేత్తో ముట్టుకోలేదు. నువ్వే పెట్టమ్మా అన్నారు.

ఆ ఏడు దసరాకి ముసురు పట్టింది. గాలిలోనే తడి. నాకేమో ఆగడం చేతకాదు. గంటకోసారి వెళ్ళి, బ్యాటరీ పెట్టి నొక్కి చూద్దామా అని దాని చుట్టూ తిరిగేదాన్ని. మామయ్య గారు దాని పక్కనే పడక్కుర్చీ వేసుకున్నారు. తడిసిన సరుకు పైపైన ఆరినట్టే కనపడుతుందమ్మా, లోపల ఆరదు, నిదానమే ప్రధానం అనేవారు. ఆలస్యం అమృతం విషం అని కూడా పెద్దలే అన్నారండీ అని నేను. ఇంకో రోజయితే ఆయన నవ్వేవారు.

ఏకాదశి నాటి సాయంత్రం చందర్లపాడు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ళ నాన్న ఏటా కందులు మా కొట్టుకే తోలేవాడు. ఇతను నందిగామలో విత్తనాల షాపు పెడుతున్నాడు. త్రయోదశి పొద్దున ముహూర్తం. తాతయ్య గారి చేత్తో బోణీ చేయించుకోమని నాన్న చెప్పి పంపాడని, కారు కూడా మాట్లాడానని, పళ్ళూ తాంబూలం పెట్టి అడిగాడు. మామయ్య గారు ఆ తాంబూలం ముట్టుకోలేదు.

"ఈసారికి నన్నొదిలెయ్ రా నాన్నా. పేటలో పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళలో ఎవర్నన్నా అడుగు."

కుర్రాడికి అర్థం కాలేదు. మాకందరికీ అర్థమైంది. ఆయన ఆ మాట ఎవరితోనూ అనగా మా ఆయన కూడా వినలేదట. కుర్రాడు తాంబూలం పళ్ళెం అక్కడే వదిలి, మీరు ఎప్పుడు మనసు మార్చుకున్నా రండి తాతయ్యా అని వెళ్ళిపోయాడు.

మర్నాడు అత్తయ్య గారు వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకో సంగతి చెప్పారు. పొద్దున మా సొంత కొట్లో కూడా ఆయన బోణీ చేయలేదట. మొదటి బేరం రాగానే కాటా దగ్గర నుంచి లేచి, కొడుకుని కూర్చోమని పక్కకి తప్పుకున్నారట. "ఎంతమందికో మంచి జరిగిన చెయ్యి, ఇంటి పిల్లకి మాత్రం ఇట్లా చేసింది అంటన్నారమ్మా. అన్నం కూడా కలుపుకుని వదిలేస్తన్నారు" అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

నేను బోణీలు నమ్మే మనిషిని కాదు. ఇప్పటికీ కాదు. అయినా అక్కడే నాకు అర్థమైంది. నా ప్రాజెక్టు పోతే ఇంకో ఆరు నెలలు ఆగి మళ్ళీ చేసుకుంటాను. నా వయసుకి ఆర్నెల్లు ఒక లెక్కా? ఆయన చేతి మీద ఆయనకి నమ్మకం పోతే, ఈ వయసులో మళ్ళీ ఎవరు తెచ్చిస్తారు? ఆయన దగ్గర ఆస్తి అంటూ ఉన్నదల్లా అదే అని నాకు అనిపించింది. కొట్టు, గోడౌను, అవి కొడుక్కి ఇచ్చేయగలిగినవి. ఇది మాత్రం ఆయన ఒక్కరిదే. గోనెసంచి మీద బోర్లా పడుకున్న ఆ పెట్టె వంక చూసి, నువ్వు పనిచేయాలి, నా కోసం కాదు అని గట్టిగానే అన్నాను. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

త్రయోదశి పొద్దునకి ముసురు విడిచింది. మామయ్య గారు పెరట్లో స్నానానికి వెళ్ళారు. గోలెంలోంచి చెంబుతో నీళ్ళు పోసుకునే చప్పుడు వినపడుతూ ఉంది. నేను గబగబా కీబోర్డు బిగించి, బ్యాటరీ పెట్టాను. ఒకవేళ రాకపోతే, రాలేదన్న సంగతి ముందు నాకు తెలియాలి, ఆయన ముఖం ముందు కాదు. నొక్కాను. మొదట ఏమీ లేదు. తర్వాత లోపల ఎక్కడో చిన్న ఫ్యాను తిరిగిన చప్పుడు. తెరమీద వెలుగు. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ తెరుచుకోగానే ఒక చిన్న పాట వాయించేది, మా పెట్టె గొంతు మరీ పెద్దది. ఇల్లంతా మోగుతుంటే కొంగుతో గబుక్కున దాన్ని కప్పేశాను. ఫైళ్ళన్నీ ఉన్నాయి. బస్తాల పట్టీ ఎక్కడిదక్కడే ఉంది. కొన్ని అక్షరాలు మాత్రం నొక్కినా పడలేదు. వాటికేం, తర్వాత విడి కీబోర్డు ఒకటి తగిలించుకుని ప్రాజెక్టు పూర్తి చేసి, గడువు లోపలే ఇచ్చేశాను. అప్పుడు మాత్రం నాకు అక్షరాల ధ్యాస లేదు. కళ్ళలోంచి నీళ్ళు దాని మీద పడతాయేమోనని భయపడి ముఖం పక్కకి తిప్పుకున్నాను. వెంటనే ఆపేసి, బ్యాటరీ తీసి, మళ్ళీ గోనెసంచి మీద బోర్లా పెట్టి, ఏమీ ఎరగనట్టు కాఫీ కలపడానికి వెళ్ళాను.

ఆయన పూజ ముగించుకుని వచ్చి పడక్కుర్చీలో కూర్చున్నాక, ఆరిపోయినట్టే ఉందండీ, చూద్దామా అని అడిగాను. మా ఆయనా అత్తయ్య గారూ గుమ్మంలో నిలబడ్డారు. బ్యాటరీ పెట్టి, మూత తెరిచి, చిన్న బల్ల మీద ఆయన ముందుకి జరిపాను.

"మీరే నొక్కండి మామయ్య గారూ."

ఆయన కుర్చీలో వెనక్కి జరిగారు. "నా చెయ్యొద్దమ్మా. నువ్వే నొక్కుకో. నీ చదువు అది."

అందుకే మీ చెయ్యి కావాలన్నాను. కాదన్నారు. చదవమన్నది మీరు, సరుకు లెక్కలు చెప్పింది మీరు, నేను ఊరికే ఎక్కించినదాన్ని, మీరు నొక్కకపోతే అది అక్కడే అలాగే ఉంటుంది, నేను మాత్రం ముట్టుకోను అన్నాను. నా మొండితనం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అత్తయ్య గారు, నొక్కరాదూ, పిల్ల అంతగా అడుగుతుంటే అన్నారు. ఆయన నా ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు. కందులు కొనేముందు గింజ కొరికి, కళ్ళు మూసుకుని, తడి ఎంతుందో ఆలోచించేటప్పుడు ఆయన ముఖం అలాగే ఉండేది.

తర్వాత కండువాతో చెయ్యి శుభ్రంగా తుడుచుకుని, ఎక్కడ నొక్కాలమ్మా అని అడిగారు. చూపించాను. వేలు బొత్తాం దాకా తీసుకువెళ్ళి ఆగారు. గుమ్మంలో ఉన్నవాళ్ళకి వినపడనంత మెల్లగా, నా వైపు తల కాస్త వంచి అడిగారు.

"ఇందాక నేను స్నానం చేస్తుంటే మోగిందే, ఆ పాటేనా మళ్ళీ వచ్చేది?"

తల దించుకుని ఆ కీబోర్డు వంకే చూస్తూ ఉండిపోయాను. ఆయన నా జవాబు కోసం చూడలేదు. నొక్కారు. పాట వచ్చింది. అత్తయ్య గారు చేతులు జోడించారు, మా ఆయన చప్పట్లు కొట్టారు. మామయ్య గారు మాత్రం ఆ పాట అయిపోయేదాకా కదలకుండా, అదే మొదటిసారి వింటున్నట్టు విన్నారు. తర్వాత చెయ్యి ఎత్తి నా తల మీద పెట్టారు. తుడుచుకున్నా ఆ చెయ్యి ఇంకా కొంచెం చెమటతో తడిగానే ఉంది.

లేచి, ఇస్త్రీ చొక్కా ఇమ్మని అత్తయ్య గారిని అడిగారు. ఎక్కడికి అన్నారావిడ. నందిగామ, ఆ కుర్రాడి ముహూర్తానికి ఇంకా టైముంది, బస్సుకి పోతా అన్నారు. ఆవిడ గబగబా చొక్కా తెచ్చిచ్చారు. మళ్ళీ ముసురు పట్టినా పట్టొచ్చని నేను గుమ్మం దాకా గొడుగు తీసుకుని వెళ్ళాను. ఆయన వంగి చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నారు.

"నా చెయ్యి మంచిదో కాదో దేవుడికే ఎరుకమ్మా. మంచిదని నాకు చూపించటానికి పొద్దున్నే నువ్వింత దొంగతనం చేశావు. ఇంక నేను ఇంట్లో కూర్చుంటే బాగోదు."

గొడుగు అందుకుని బస్టాండు వైపు నడిచారు. నేను ఆయన మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.